నలుగురు డాక్టర్ల ఆసుపత్రిలో నా కుర్చీ

మా చెల్లెలి మనవరాలికి రాజమండ్రిలో ఒక పెద్ద ఆసుపత్రి కౌంటర్లో ఉద్యోగం వచ్చింది. చేరే ముందు మా ఇంటికి వచ్చి, "అమ్మమ్మా, నువ్వు డాక్టర్ల దగ్గరే ఇన్నేళ్ళు చేశావు కదా, నాకేమైనా చెప్పు" అంది. చెప్పడం మొదలుపెట్టాను. ఆ పిల్ల సెల్‌ఫోనులో మెసేజీలు నొక్కుకుంటూ ఊఁ కొడుతోంది. ఇలా లాభం లేదని రాయడానికి కూర్చున్నాను. నా చదువు ఐదో తరగతి. రాత నెమ్మది. జ్ఞాపకానికి మాత్రం లోటు లేదు.

జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరి తర్వాత ఎవరు చేరారు, అవన్నీ రాయను. నేను చేసిన మంచి పనులు నాలుగున్నాయి. అవి చెప్పుకుంటే నాకు బాగుంటుంది, నీకు పెద్దగా పనికిరావు. నీకు పనికొచ్చేది నేను చేసిన ఒక చెడ్డ పని. దానికి మూలం అసూయ. అసలు నా పనేమిటో ముందు తెలిస్తేనే ఆ అసూయ ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది.

తలుపు పక్క స్టూలు

మా డాక్టరు గారు పాలకొల్లులో తన ఇంటి ముందు గదిలోనే రోగులను చూసేవారు. గదిలో ఒక బల్ల, తెర వెనక ఒక మంచం, బయట వరండాలో రెండు బెంచీలు. నేను చేరింది ఊడ్చి తుడవడానికి. తర్వాత సిరంజీలు ఉడకబెట్టడం వచ్చింది. ఒకసారి తలుపు దగ్గర ఉండే కాంపౌండరు ఊరికి వెళ్ళి తిరిగి రాలేదు. "నాలుగు రోజులు నువ్వు కూర్చో సత్యవతీ" అన్నారు డాక్టరు గారు. ఆ నాలుగు రోజులు పదిహేనేళ్ళయ్యాయి.

ఆ రోజుల్లో ఫైళ్ళూ అవీ లేవు. డాక్టరు గారు చీటీ రాసిచ్చేవారు. రోగులు దాన్ని మొలలో దోపుకునేవారు, వానలో తడిపేవారు, చొక్కాతో పాటు చాకలికి వేసేవారు. మళ్ళీ వచ్చినప్పుడు చీటీ ఉండదు. అప్పుడు లోపలి నుంచి కేక వినపడేది.

"సత్యవతీ, ఈయనకి పోయినసారి ఏం ఇచ్చాం?"

నేను స్టూలు మీద నుంచే చెప్పేదాన్ని. ఎర్ర గొట్టం బిళ్ళలో, తెల్ల మాత్రలో, ఎన్ని రోజులో, తగ్గిందో లేదో. మందుల పేర్లు ఇంగ్లీషులో రాయలేను గానీ వింటే మర్చిపోను. ముఖ్యంగా ఎవరికి ఏ మందు పడదో.

భీమవరం వైపు నుంచి చేపల చెరువులున్న రాజు గారొకరు వచ్చేవారు. ఒకసారి ఆయనకి డాక్టరు గారు పెన్సిలిన్ సూది సిద్ధం చేసి చెయ్యి పట్టుకున్నారు. నేను తెర తొలగించుకుని వెళ్ళి డాక్టరు గారి మణికట్టు పట్టేసుకున్నాను.

"రాజు గారికి అది పడదండి. వాళ్ళ తమ్ముడి గారి పెళ్ళి ముందు ఇస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచి కళ్ళు తిరిగి పడిపోయారు."

"ఎవరిచ్చారు?" అన్నారు డాక్టరు గారు.

"మీరేనండి."

రాజు గారు పెద్దగా నవ్వి, "డాక్టరు గారూ, ఇకనుంచి లోపల ఈవిడని కూర్చోబెట్టి మీరు స్టూలు మీద కూర్చోండి" అన్నారు. డాక్టరు గారు కూడా నవ్వారు. ఆ తర్వాత మూడు రోజులు నేను నేల మీద నడవలేదు.

ఇంకొకాయన పోలయ్య. మొగల్తూరు దాటాక సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. చేపల వేట. ఒక కార్తీక మాసంలో మూత్రం మంట అని వస్తే డాక్టరు గారు సల్ఫా మాత్రలు ఇచ్చారు. మూడో రోజుకి పెదవులు నేరేడు పళ్ళలా నల్లగా వాచిపోయి, నోరంతా పుళ్ళతో వచ్చాడు. నయం చేశాక డాక్టరు గారు గట్టిగా చెప్పారు. "పోలయ్యా, సల్ఫా అనే మందు నువ్వు జన్మలో మింగకూడదు. రెండోసారి ఇంతకన్నా ఎక్కువవుతుంది. పేరు గుర్తుపెట్టుకో."

"నాకేటి గుర్తుంటాదండి బాబూ" అన్నాడు పోలయ్య. "సత్యవతమ్మ గారితో చెప్పండి. ఆవిడ గుర్తెట్టుకుంటారు."

అతని భార్య మంగమ్మ నా వైపు తిరిగి దణ్ణం పెట్టింది. "ఆయ్, మీ మీదే వదిలేశామండి" అంది. నేను సరేనన్నాను. ఆ రోజు వాళ్ళు తెచ్చిన పండుగప్ప పులుసు రుచి కూడా నాకు గుర్తుంది.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి

మా వైపు మనుషులు డాక్టరు దగ్గరికి నేరుగా వెళ్ళరు. ముందు "అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. ఉన్నారంటే సగం జబ్బు తగ్గినట్టే. అందుకే మా డాక్టరు గారి వల్ల కాని కేసులు నా స్టూలు దగ్గర ఆగేవి. ఎముక విరిగితే ఎవరు, కంటికి ఎవరు, పిల్లలు పుట్టకపోతే ఎవరు. నేను చెప్పి పంపేదాన్ని. "వెళ్ళి నా పేరు చెప్పండి. పాలకొల్లు సత్యవతి పంపిందనండి." నరసాపురం, భీమవరం, తణుకు, ఎక్కడికి పంపినా ఆ డాక్టర్ల తలుపు దగ్గర నాలాంటి వాళ్ళు ఒకరుండేవారు. మొహాలు చూసుకోకపోయినా పేర్లతో మాకు చుట్టరికం.

ఇది నువ్వు తెలుసుకోవాలి కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. మంచి డాక్టరెవరని మందుల షాపులో అడిగితే, తన షాపుకి చీటీలు పంపే డాక్టరు పేరు చెబుతారు. ఊళ్ళో ఆర్ఎంపీని అడిగితే, తనని కుర్చీ వేసి కూర్చోబెట్టే డాక్టరు పేరు చెబుతాడు. చుట్టాలనడిగితే, వాళ్ళ కులం డాక్టరు పేరు చెబుతారు. వీళ్ళంతా అబద్ధాలాడతారని కాదు. వాళ్ళకి తెలిసింది అంతవరకే.

నేను ఎవరినీ అడిగేదాన్ని కాదు. నేను పంపిన మనిషి తిరిగి వచ్చినప్పుడు అతన్నే అడిగేదాన్ని. డాక్టరు ఒంటి మీద చెయ్యి వేసి చూశాడా, చూడకుండానే రాశాడా? నువ్వు చెప్పేది పూర్తిగా విన్నాడా? "ఇది నా పని కాదు, ఫలానా వాళ్ళ దగ్గరికి వెళ్ళు" అని ఎప్పుడైనా అన్నాడా? ఆ మూడో మాట ఎప్పుడూ అనని డాక్టరు దగ్గరికి నేను రెండోసారి ఎవరినీ పంపలేదు. అందరూ హస్తవాసి హస్తవాసి అంటారు. నేను చూసినంతలో మంచి హస్తవాసి అంటే తన చేతికి అందనిదేదో తెలిసి ఉండటం.

ఒకే కప్పు కింద నలుగురు

తొంభైల మధ్యలో మా డాక్టరు గారికి వయసు మీద పడింది. రోజూ పొద్దున్నా సాయంత్రం ఒక్కరే చూడలేకపోయారు. ఇంకో ముగ్గురితో కలిశారు. ఆయనలాగే జ్వరాలూ దగ్గులూ చూసే ఒక కుర్ర డాక్టరు, ఒక ఎముకల డాక్టరు, ఒక ఆడవాళ్ళ డాక్టరమ్మ. నలుగురూ కలిసి రెండంతస్తుల బిల్డింగ్ తీసుకుని బోర్డు పెట్టారు. జనం దానికి నలుగురి ఆసుపత్రి అని పేరు పెట్టేశారు.

మొదట్లో ఎవరికీ అర్థం కాలేదు. రెండో రోజో మూడో రోజో ఒక ముసలమ్మ వచ్చి, "నలుగురూ ఒకేసారి చూస్తారంటగా, పిలవండి" అని కూర్చుంది. ఒకరే చూస్తారమ్మా అంటే ఒప్పుకోదు. ఆవిడ పక్కనున్న ఇంకో ముసలాయన, "నలుగురూ వచ్చి నిలబడ్డారంటే ఇక మోసుకెళ్ళడానికేనే! ఒకరు చాలులే" అన్నాడు. వరండా అంతా నవ్వింది.

విషయం ఇదీ. డాక్టర్లు నలుగురైనా రోగికి ఫైలు ఒక్కటే. దాని మీద ఒక నెంబరు. మా డాక్టరు గారు సెలవులో ఉంటే కుర్ర డాక్టరు ఆ ఫైలు తీసి, వెనక ఏం జరిగిందో చదివి చూస్తారు. మోకాలి నొప్పికి పక్క గదికి పంపితే ఫైలు కూడా పక్క గదికి వెళుతుంది. ఊరూరా తిరిగి అందరికీ మొదటినుంచీ చెప్పుకోనక్కర్లేదు. ఇప్పుడు ఆలోచిస్తే మంచి పద్ధతే. కాకపోతే ఇలాంటి చోటికి వెళ్ళే వాళ్ళు కొన్ని అడిగి తెలుసుకోవాలి. ఇందులో నా డాక్టరెవరు? ఆయన లేని రోజు నన్ను చూసేదెవరు? నా ఫైలులో ఏం రాశారు? మొదటి రెండూ అందరూ అడుగుతారు. మూడోది ఎవరూ అడగరు.

ఆ పద్ధతి మంచిదని అప్పుడు నేను అనలేదు. నా దగ్గరికి వచ్చిన వాళ్ళతో, "ఇవాళ ఒకరు, రేపు ఒకరు. మీ జబ్బు ఎవరికి గుర్తుంటుందండీ?" అనేదాన్ని. ఫైలుకి గుర్తుంటుందని నాకు బాగా తెలుసు. తెలిసే అన్నాను.

లలిత గారు

స్టూలు పోయి నాకు కుర్చీ వచ్చింది. గేటు పక్కన, చెప్పుల స్టాండు దగ్గర. వచ్చిన వాళ్ళకి దారి చూపించడం నా పని. లోపల అద్దం కిటికీ వెనక ఇంకో కుర్చీ ఉండేది, గుండ్రంగా తిరిగేది. అందులో లలిత కూర్చుంది.

నరసాపురం పిల్ల. డిగ్రీ చదివింది. ఇరవై రెండేళ్ళుంటాయి. చెడ్డపిల్ల అని రాయాలని చాలాసార్లు అనుకున్నాను, రాయడానికి ఏమీ దొరకదు. నన్ను పిన్ని గారూ అనేది. ఆ పిలుపుకి కూడా నాకు ఒళ్ళు మండేది. నేనెవరికి పిన్నిని?

అక్షరాలు ముత్యాల్లా రాసేది. ఫోను ఎత్తి "నమస్కారమండీ, చెప్పండి" అంటే అవతలి వాళ్ళు పెట్టడానికి ఇష్టపడేవారు కాదు. ఆవిడ కుర్చీలో అటు తిరిగి ఫైలు తీసి, ఇటు తిరిగి ఇచ్చేది. నేను గేటు దగ్గర నుంచి మెడ చాచి చూసేదాన్ని. కొన్నాళ్ళకి నా ముందు నుంచే రోగులు, "సత్యవతమ్మ గారూ, బాగున్నారా?" అని ఆగకుండా వెళ్ళి ఆ కిటికీ దగ్గర ఆగడం మొదలుపెట్టారు. నాకు వచ్చే రొయ్యల పొట్లాలు, మాగాయ జాడీలు ఆ కిటికీలోంచి లోపలికి వెళ్ళేవి. ఆత్రేయపురం నుంచి వచ్చే ఒకావిడ ఏటా నాకు పూతరేకులు తెచ్చేది. ఆ ఏడాది రెండు పొట్లాలు తెచ్చింది. పెద్దది లలితకి.

అవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒక్కటే. మా డాక్టరు గారు ఆ పిల్లని "లలిత గారూ" అని పిలిచేవారు. కొత్త ఆసుపత్రిలో కొత్త మర్యాదలు, అందరినీ గారూ అనాలట. పదిహేనేళ్ళు ఆయన చీటీలన్నీ నా తలలో పెట్టుకు తిరిగిన నేను మాత్రం సత్యవతినే. అలవాటు కొద్దీ అలా పిలుస్తున్నారని నాకు తెలుసు. ఇంట్లోవాళ్ళని ఎవరైనా గారూ అంటారా? అయినా ఆ మాట విన్నప్పుడల్లా కళ్ళలో కారం పడ్డట్టుండేది.

గుర్తులేదు

ఫైలు మొదటి పేజీలో పడని మందులకి ఒక గడి ఉండేది. లలిత పాత రోగులందరికీ ఫైళ్ళు తయారుచేస్తోంది. మీకు పడని మందులేవని అడిగితే మూడొంతుల మంది, "సత్యవతమ్మ గారికి తెలుసండి" అనేవారు. అప్పుడు ఆ పిల్ల తిరిగే కుర్చీలోంచి లేచి, ఫైలు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చి, నా ముందు నిలబడి అడిగేది. నేను చెప్పేదాన్ని. మొదటి నెలంతా ఎంతో హాయిగా గడిచింది. ఎవరికి సల్ఫా, ఎవరికి పెన్సిలిన్, ఎవరికి ఏ నొప్పి మాత్ర వేస్తే ఆయాసం వస్తుంది, అన్నీ.

ఒకరోజు మధ్యాహ్నం నలుగురు డాక్టర్లూ కింద హాల్లో టీ తాగుతున్నారు. మా డాక్టరు గారు ఒక ఫైలు తిరగేసి, "అబ్బ, ఎంత బాగా తయారుచేశారండీ లలిత గారూ! ఇన్నేళ్ళలో నా దగ్గర ఇలాంటిది ఒక్క కాగితం లేదు" అన్నారు. లలిత, "ఇదంతా పిన్ని గారు చెప్పిందేనండి" అంది. అవును, అంది. ఆ మాట నేను విన్నాను. కానీ అప్పటికే డాక్టరమ్మ ఏదో అడగడంతో మా డాక్టరు గారు అటు తిరిగిపోయారు. ఆ ఫైలులో ఉన్న ప్రతి మాటా నాది. మెప్పు కిటికీ లోపలికి పోయింది.

మర్నాడు లలిత మామూలుగానే ఫైలు పట్టుకుని వచ్చింది.

"పిన్ని గారూ, ఈ పెద్దాయనకి ఏవైనా పడని మందులున్నాయాండీ?"

"గుర్తులేదమ్మా" అన్నాను.

ఆ పిల్ల ఆశ్చర్యంగా చూసింది. "మీకు గుర్తులేకపోవడమేంటండీ!"

"వయసు మీద పడట్లేదూ? అన్నీ మీ ఫైళ్ళలోనే ఉంటాయిగా."

నా ఆలోచన చాలా చిన్నది. ఫైలులో లేకపోతే ఏదో ఒకరోజు డాక్టరు గారు పాత రోజుల్లోలాగే లోపలి నుంచి కేక వేస్తారు. నేను లేచి వెళ్ళి అందరి ముందూ చెబుతాను. నేను గేటు దగ్గరే ఉంటాను కదా, ఎవరికీ ఏమీ కాదు. అంతే అనుకున్నాను. అలా ఆరేడు నెలల్లో చాలామందికి గుర్తులేదన్నాను. వాళ్ళలో పోలయ్య ఒకడు. ఏదో దగ్గుకి వచ్చాడు, ఫైలు చేయించుకున్నాడు. నేను గుర్తులేదంటే లలిత ఆ గడిలో "ఏమీ లేవు" అని రాసింది. అది ఆ పిల్ల తప్పు. తెలియదని రాయాల్సిన చోట లేవని రాయకూడదు. నువ్వు ఎప్పుడూ అలా రాయకు. ఆ తప్పు ఆ పిల్ల చేత చేయించింది నేను.

కోరుకొండ నుంచి వచ్చిన రోజు

మా ఆడపడుచు కూతురికి సంబంధం కుదిరితే కోరుకొండ స్వామికి మొక్కుంది. ఆ మెట్లు నిటారుగా ఉంటాయి. ఎక్కలేవన్నారు, ఎక్కాను. రాజమండ్రిలో మూడు రోజులుండి నాలుగో రోజు పొద్దున్న ప్రసాదం పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వచ్చాను. డాక్టరు గారికి పెడదామని.

గేటు దగ్గర ఆటో ఆగి ఉంది. అందులోంచి ఒక మనిషిని దించుతున్నారు. మొహం గుర్తుపట్టేలా లేదు. కళ్ళు మూసుకుపోయాయి. మెడ మీదా చేతుల మీదా చర్మం కాలినట్టు బొబ్బలు. పెదవులు నల్లగా వాచి, నెత్తురు కారుతున్నాయి. పక్కన మంగమ్మ గుండెలు బాదుకుంటోంది.

ఆ పెదవులు చూడగానే నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"సల్ఫా ఇచ్చారా?"

మా డాక్టరు గారు అప్పుడే మెట్లు దిగి వస్తున్నారు. ఆయన వెనక లలిత. ఇద్దరూ విన్నారు.

మూడు రోజుల కిందట మూత్రం మంటని వచ్చాడట పోలయ్య. ఆ రోజు మా డాక్టరు గారికి సెలవు. కుర్ర డాక్టరు చూశారు. మంగమ్మ ఏడుస్తూనే చెప్పింది. "పడని మందులున్నాయా అని అడిగేరండి. సత్యవతమ్మ గారికి తెలుసండి అన్నానండి. ఊళ్ళో లేరన్నారు. ఆ డాక్టరు బాబు ఫైలు చూసి, ఏమీ లేవని రాసుందమ్మా అన్నారు. రాసుందంటే మీరే చెప్పుంటారు కదా అని మింగేశాడండి."

మా డాక్టరు గారు ముందు పోలయ్యకి చెయ్యాల్సింది చేశారు. సెలైన్ పెట్టించి, కారు పిలిపించి, కుర్ర డాక్టరుని తోడిచ్చి కాకినాడ పెద్దాసుపత్రికి పంపారు. కారు వెళ్ళాక వెనక్కి తిరిగారు.

"ఏమీ లేవని ఎవరు రాశారు?"

"నేనేనండి" అంది లలిత. "పిన్ని గారిని అడిగానండి. గుర్తులేదన్నారండి."

డాక్టరు గారు నా వైపు చూశారు. "నీకా?" అన్నారు. "నీకు గుర్తులేదా?"

నా చేతిలో ప్రసాదం పొట్లం అలాగే ఉంది.

"నిజంగా మర్చిపోయి ఉంటే ఒక్క మాట అనేవాణ్ణి కాదు" అన్నారు ఆయన. "సత్యవతి గారూ, రేపటినుంచి మధ్యాహ్నం పూట లలిత గారి పక్కన కూర్చోండి. మీకు తెలిసినవన్నీ చెప్పండి. ఒక్కటి కూడా మిగలకూడదు."

గారూ అన్నారు, మీరన్నారు. నేను ఇన్నాళ్ళుగా కోరుకున్న మర్యాద ఇచ్చారు. ఇంట్లోంచి బయటికి పంపినట్టయింది.

తెలిసినవన్నీ

రోజూ రెండింటి నుంచి నాలుగింటి దాకా ఆ అద్దం కిటికీ లోపల కూర్చునేదాన్ని. నేను చెబుతుంటే లలిత రాసేది. "గుర్తులేదు" అన్న వాళ్ళందరి పేర్లూ నాకు వరసగా గుర్తున్నాయి. నేను గడగడా చెబుతుంటే ఆ పిల్ల ఒకసారి కలం ఆపి నా మొహంలోకి చూసింది. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మంచితనం మీద కూడా నాకు అసూయే వేసింది. నేనైతే తిట్టేదాన్ని.

మనసు మారిపోయిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. అలా ఏమీ జరగలేదు. ఒక్కొక్కరి సంగతి చెబుతున్నకొద్దీ నా చెంబులోంచి నీళ్ళు ఆవిడ బిందెలోకి ఒంపుతున్నట్టు ఉండేది. బిందె నిండుతుంటే కడుపు మండేది. మండుతూనే చెప్పాను. అసూయ తగ్గితే గానీ చెయ్యనని కూర్చుంటే కొన్ని పనులు ఎప్పటికీ జరగవు.

మొగల్తూరు దాటాక

పోలయ్య బతికాడు. నెల దాటాక ఇంటికి వచ్చాడని తెలిసి వెళ్ళాను. బస్సు దిగి ఇసకలో చాలా దూరం నడవాలి. ఇంట్లో తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చర్మం మానింది గానీ కళ్ళలో తడి ఆరిపోయింది. ఎండ చూడలేడు, నీళ్ళ మీద వెలుగు అసలు చూడలేడు. అంటే వేటకి వెళ్ళలేడు. తడుముకుంటూ వల ముడి వేస్తున్నాడు.

మంగమ్మ టీ తెచ్చి ఇచ్చింది. "మీరు ఆ రోజు ఊళ్ళో ఉండుంటే ఇలా అయ్యేది కాదండి. మా కర్మ" అంది.

ఆ మాటతో తిరిగి వచ్చేస్తే వాళ్ళకి ఎప్పటికీ తెలిసేది కాదు. గ్లాసు కింద పెట్టి చెప్పేశాను. ఫైలు రాసేటప్పుడు లలిత నన్ను అడిగిందని, నాకు గుర్తుండే గుర్తులేదన్నానని.

పోలయ్య చేతులు ఆగిపోయాయి. "ఎందుకండీ?" అన్నాడు.

"ఆ పిల్ల మీద కుళ్ళుతో."

వల పక్కన పెట్టి మెల్లగా అన్నాడు. "కుళ్ళు మాకూ ఉంటాదండి. చేప పడే చోటు పక్క పడవోడికి సెప్పం. మా నాన్న సొంత తమ్ముడికే సెప్పేవోడు కాదు. గాలి మారిందనుకోండి, పగోడికైనా కేకేసి సెప్తాం. అది సెప్పకుండా ఒడ్డుకొచ్చినోడు మాలో ఎవడూ లేడండి."

మంగమ్మ నేను తాగని టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. నేను లేచి చెప్పులేసుకునే దాకా బయటికి రాలేదు.

కిటికీ దగ్గర

ఆ ఏడాది వానాకాలంలో పోలయ్యకి జ్వరం వచ్చింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, మంగమ్మ భుజం పట్టుకుని నడిచి వచ్చాడు. నేను గేటు దగ్గర కుర్చీలోంచి లేచాను. పోలయ్యకి నేను కనపడలేదు. మంగమ్మకి కనపడ్డాను. ఆవిడ నన్ను దాటి, అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, నేరుగా అద్దం కిటికీ దగ్గరికి వెళ్ళింది.

ఫైలు నెంబరు నోటికి చెప్పింది. చదువు రాని మనిషి, ఆ అంకెలు ఎలా నేర్చుకుందో. లలిత ఫైలు తీసింది.

"మొదటి పేజీలో ఏం రాశారో చదవండమ్మా" అంది మంగమ్మ.

"సల్ఫా మందులు పడవు, ప్రాణాపాయం, ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వరాదు. ఎర్ర సిరాతో రాశానండి."

"మీరే రాశారా?"

"నేనేనండి."

మంగమ్మ అద్దానికి మొహం ఆనించి ఆ ఎర్ర గీతల వంక చూసింది. "ఇంకోసారి చదవండి" అంది.

మూడు బారల దూరంలో నేను నిలబడి ఉన్నాను. అది రాయకముందే పదేళ్ళుగా నాకు తెలుసు. నన్ను అడిగితే ఏ నెలలో, ఏ మాత్ర, ఎన్నో రోజున పెదవులు వాచాయో కూడా చెప్పేదాన్ని. నన్ను ఎవరూ అడగలేదు. ఆ పిల్ల మీద నేను పడ్డ అసూయ అంతా ఒక ఎత్తు, ఆ నిమిషం పడ్డది ఒక ఎత్తు.

లలిత రెండోసారి, ఇంకా నెమ్మదిగా చదివింది. మంగమ్మ ప్రతి మాటకీ తల ఊపుతూ వింది. విని, వెళ్ళి భర్త పక్కన కూర్చుంది.